చేను దున్నినోడి రాయి

మిట్టమధ్యాహ్నం ట్రాక్టరు వచ్చి ఆగేసరికి అంగాళమ్మ ఐర్లండు వాళ్ల సమాధిరాయి మీద నీళ్లు పోసి పాలిష్ పడుతోంది. సాయంత్రానికల్లా ఆ రాయి మద్రాసు రేవుకు బయలుదేరాలి. ట్రాక్టరులోంచి ఇంకో చిన్న రాయిని కిందికి తోశారు.

"నీ మొగునిదే ఈ రాయి. గుర్తుపట్టినావా?" అన్నాడు సుబ్బరాయప్ప. కృష్ణగిరి పక్కనున్న ఈ రాళ్ల ఫ్యాక్టరీ ఆయనదే, ఆమె మొగుడు అంకప్పను పాతిపెట్టిన చేనూ ఆయనదే.

వాళ్ల ఊళ్లో కూలివాణ్ని పాతినచోట రాయి నిలపకూడదు. ముళ్లకంప కప్పి రావాలి, రెండు వానలకు నేల చదునైపోవాలి. రాయి నిలబడితే నేల మీద హక్కు నిలబడుతుందని భూమి ఉన్నవాళ్ల భయం. ఆ భయానికే ఆచారమని పేరు పెట్టారు.

అంగాళమ్మకు చదువు రాదు. ఐర్లండు రాయి మీద ఏముందని పోయిన నెలలో, అక్షరాలు చెక్కే కుమారేశన్‌ను అడిగింది.

"ఎప్పుడో పాతకాలం కరువులో వాళ్ల దొర ఇల్లు పడగొట్టి తరిమేసినాడంట అత్తా. తొమ్మిదిమంది ఓడెక్కినారు. కెనడాలో దిగింది నలుగురే. మావాళ్లు ఫలానా నేల దున్నినోళ్లని ఇప్పుడు వాళ్ల వంశమోళ్లు రాయిస్తా ఉండారు."

"సముద్రం దాటినోళ్లకే రాస్తే, ఈడనే సచ్చినోనికి రాయకూడదా?"

ఫ్యాక్టరీలో పారేసిన ముక్కొకటి తెచ్చి అతనితో చెక్కించి, మొగుణ్ని పాతినచోట నిలిపింది. పైన 'అంకప్ప'. కింద 'ఈ చేను నలభై ఏండ్లు దున్నినాడు'.

చేనేమో ప్లాట్లకు పోతోంది. కొనడానికి వచ్చిన హోసూరు వాళ్లు ఆ రాయి చదివి, కౌలుహక్కు గొడవలు మాకొద్దని వెనక్కి వెళ్లిపోయారు.

సుబ్బరాయప్ప సుత్తి ఆమె కాళ్ల దగ్గర పడేశాడు. "పగలగొట్టే. నీ చేత్తోనే. లేకుంటే రోజుకు నాలుగునూటా ఎనభై రూపాయల కూలి ఇంక యాడ ఇస్తారో పోయి చూసుకో."

ఆమె సుత్తి ముట్టలేదు.

"రేయ్ కుమారేశా, చెక్కినోడివి నువ్వే గదరా? నువ్వు కొట్టు. నీకూ పెండ్లాం బిడ్డలుండారు."

కుమారేశన్ కళ్లు మూసుకుని కొట్టాడు. రాయి రెండుగా విరిగింది. పేరున్న పైసగం పెంకులైపోయింది. పనివాళ్లందరూ చూశారు.

"కింది సగం కూడా," అన్నాడు సుబ్బరాయప్ప.

అంగాళమ్మ వచ్చి దాని పక్కన చతికిలబడింది. మిగిలిన అక్షరాల మీద అరచెయ్యి పరిచింది.

"పేరు పోతే పోనీ సామీ. అది నా బిడ్డల నోట్లో ఉంది. దున్నింది మాత్రం అబద్ధం చెయ్యనీను."

"చెయ్యి తియ్యే!"

"తియ్యను."

"సరే, ఉండనీ. కొట్టరా, చెయ్యితో పాటే కొట్టు!"

కుమారేశన్ సుత్తి ఎత్తాడు. రాతిపొడికి తోలు లేచిన అంగాళమ్మ చెయ్యి పాలిష్ నీళ్లతో ఇంకా తడిగానే ఉంది. ఆమె దాన్ని అక్షరాల మీంచి తియ్యలేదు.