ఇంటి వైపు మొహం

మినీ ట్రాక్టరు కొన్నప్పుడు మా ఇంట్లో గొడవేమీ జరగలేదు. దాన్ని మోసుకెళ్ళే ట్రాలీ వచ్చాకే ఇల్లు రెండు ముక్కలైంది. ఒక ముక్క మా ఆయన జగన్నాధం, రెండో ముక్క మా అయ్య అసిరయ్య. మధ్యలో నేను, ఈశ్వరిని. ఇద్దరికీ వండిపెట్టేది నేనే కాబట్టి ఇద్దరి మీదా అరిచే హక్కు నాకుంది. ఆ హక్కును నేను ఎన్నడూ వృథా పోనివ్వలేదు.

జగన్నాధం మా మేనత్త కొడుకే. పెళ్ళయ్యాక మా ఇంటికే వచ్చి మా అయ్యతో కలిసి సేద్యం చేస్తున్నాడు. ఇద్దరికీ ఏనాడూ మాటపట్టింపు రాలేదు, ఎద్దుల జత అమ్మి ట్రాక్టరు కొన్నప్పుడు కూడా. అమ్ముదామన్నది మా ఆయనే అయినా సరేనన్నది అయ్యే. పశువును అమ్మేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దాన్ని తిన్నగా నడిపించుకుపోరు. మొహం ఇంటివైపే ఉంచి, వెనక్కి వెనక్కి అడుగులు వేయిస్తూ వాకిలి దాటిస్తారు. అలా పంపితే ఇంటి లక్ష్మి దాని వెంట పోదని పెద్దవాళ్ళ నమ్మకం. ఆ రోజు ముకుతాళ్ళు పట్టుకుని రెండు ఎద్దులనూ వెనక్కి నడిపించింది అయ్యే. బేరగాడు వాటిని తోలుకుపోయాక పశువుల శాలకు తాళం వేశాడు. ట్రాక్టరు వచ్చినా ఆ తాళం తియ్యలేదు. ట్రాక్టరు పెరట్లో పట్టా కప్పుకుని వానలో తడిసేది. అయ్య దాని పక్కనుంచే నడుస్తాడు గానీ ఒక్కసారైనా దాని మీద చెయ్యి వెయ్యలేదు.

మా ఊళ్ళో పెద్ద ట్రాక్టర్లు చాలానే ఉన్నాయి, మా చిన్నదాన్ని పిలిచేవాళ్ళు తక్కువ. దాని విలువంతా పాతపట్నం అవతల ఉంది. అక్కడ కొండవాలున ఉన్న మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి, పెద్ద ట్రాక్టరు దిగితే మళ్ళీ తిరగదు. మాది దిగుతుంది, తిరుగుతుంది, దమ్ము చేసి పైకొస్తుంది. కానీ అంత దూరం తారురోడ్డు మీద దాని కాళ్ళతో అది నడిస్తే టైర్ల గుబ్బలు అరిగిపోతాయి, వెళ్ళేసరికే పొద్దు వాలిపోతుంది. ఒకసారి మా ఆయన ఎవరిదో ఇసక తోలే తొట్టి అడిగి తెచ్చాడు. అది నా భుజమంత ఎత్తు. పలకలు ఆనించి ఎక్కిస్తుంటే ట్రాక్టరు ముందుచక్రాలు ఆకాశంలోకి లేచాయి. కిందకి దిగేదాకా నేను కళ్ళు తెరవలేదు. తెరిచాక మాత్రం మా ఆయన్ని ఊరుకోలేదు.

అప్పుడు సొంతంగా ఒకటి చేయించుకోవాలనుకుని నరసన్నపేట రోడ్డులో నరసింగరావు వెల్డింగు షెడ్డుకి వెళ్ళాం. ట్రాలీలంటే నాకు అదివరకు ఇనప పెట్టెలే. అక్కడ చూశాక తెలిసింది, వాటిలోనూ మనుషుల్లాగే కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొన్ని ఒళ్ళు వంచేవి, కొన్ని వంచనివి ఉంటాయని. నరసింగరావు టీ తెప్పించి మూడు సంగతులు అడిగాడు. లాగేది ఏ బండి? అద్దెకు తీసుకునే పికప్ వ్యాను. ట్రాక్టరుకు వెనక మట్టి తిరగేసే రోటవేటరు బిగించే తీసుకెళ్తారా, విప్పి పెడతారా? బిగించే, విప్పుతూ బిగిస్తూ కూర్చుంటే పనెప్పుడు? మూడోది ఆఖర్న అడిగాడు. ట్రాక్టరు మొహం ఎటు పెట్టి ఎక్కిస్తారు?

ఎటు పెడితే ఏమిటన్నాను నేను. ట్రాక్టరు బరువంతా వెనక పెద్దచక్రాల మీద, వాటి వెనక రోటవేటరు మీద ఉంటుందట. ట్రాలీకి మాత్రం బరువు కాస్త ముందుకు మొగ్గి ఉండాలట. మొహం ముందుకు పెట్టి ఎక్కిస్తే బరువు వెనక పడుతుంది కాబట్టి పొడుగు ట్రాలీ కావాలి, చక్రాలు బాగా వెనక్కి బిగించాలి. వెనక్కి నడిపి ఎక్కిస్తే పొట్టిది చాలు. పొడుగుది తయారుగా ఉంటే చూపించాడు. పడవంత ఉంది, చూస్తే ఆశపుట్టింది. కానీ మా వీధి మలుపులో అది తిరగదు. కొండపల్లెల దారుల్లో అసలే తిరగదు. జగన్నాధం పొట్టిదే చెప్పాడు. నేలకు దగ్గరగా ఉండే పలక, పైకి మడిచే ఇనప మెట్లు, చక్రాలకు బ్రేకు, నాలుగు మూలలా గొలుసులు కట్టే కొక్కాలు. వచ్చాక ఎర్రరంగులో పెరట్లో కొత్తపెళ్ళికూతుర్లా నిలబడింది. అయ్య దానివైపు చూడనైనా చూడలేదు.

ఎక్కించే రోజు పొద్దున్న చూశాడు. మా ఆయన ట్రాక్టరును వెనక్కి నడిపి ట్రాలీ మీదకి తెచ్చేసరికి, దాని మొహం సరిగ్గా మా గుమ్మం వైపు నిలిచింది. అయ్య గుమ్మంలోనే ఉన్నాడు.

"అమ్మేసినావేటి దీన్ని?" అన్నాడు.

జగన్నాధం బరువు సంగతి, నరసింగరావు చెప్పిన సంగతి అన్నీ చెప్పాడు. అయ్య వినలేదు.

"నా గుమ్మంలోంచి ఏదీ నా వొంక సూసుకుంటూ ఎల్లదు. తిప్పు."

మా అయ్య గొంతు పెంచే మనిషి కాదు. అలా పెంచకుండా అన్న మాటను కాదనడం ఇంకా కష్టం. అవతల మడుల్లో నీళ్ళు నిలబెట్టుకుని జనం మా కోసం ఎదురుచూస్తున్నారు. జగన్నాధం పళ్ళు కొరుక్కుంటూ ట్రాక్టరును దించి, తిప్పి, మొహం ముందుకు పెట్టి ఎక్కించాడు. రోటవేటరు వెనక అంచు దాటి గాలిలో వేలాడింది. నిదానంగా పోదాంలే అన్నాడు. దారి పొడుగునా చూసుకుంటానని అయ్య వ్యాను వెనక తొట్టిలో ట్రాక్టరుకు ఎదురుగా కూర్చున్నాడు. నేను ముందు, వ్యాను నడిపే మా ఆయన పక్కన కూర్చున్నాను.

రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. పాతపట్నం ఇంకా రాకముందు, ఒక కల్వర్టు దగ్గరికి రోడ్డు కిందికి దిగుతుంది. అక్కడ వ్యాను వేగం అందుకోగానే వెనకనుంచి ఎవరో తోక పట్టి ఊపినట్టయింది. అద్దంలో చూస్తే ట్రాలీ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొట్టుకుంటోంది. ప్రతిసారీ అంతకుముందుకన్నా ఎక్కువ. వ్యాను మొత్తాన్ని అది ఆడిస్తోంది. మా అయ్య రెండు చేతులతో వ్యాను అంచు పట్టుకుని, తన మీదకి వచ్చి పోతున్న ట్రాక్టరు మొహాన్నే చూస్తున్నాడు. బ్రేకు తొక్కమని అరిచాను. జగన్నాధం తొక్కలేదు, కాలు తీసేసి స్టీరింగు గట్టిగా పట్టుకుని ఊరుకున్నాడు. అందుకే బతికాం, తొక్కి ఉంటే వెనక బరువు వ్యానునే తిప్పి పడేసేదట. వేగం తగ్గి తగ్గి కల్వర్టు గోడ పక్కనే బండి ఆగింది. ట్రాలీ చక్రం ఒకటి రోడ్డు అంచు దాటి గడ్డిలోకి దిగింది. గొలుసులు పట్టి ఉండబట్టి ట్రాక్టరు పైనే ఉంది.

ముగ్గురం దిగాం. అయ్య తిన్నగా ట్రాలీ ముందుకొచ్చి, వ్యానుకు తగిలించే దాని ఇనప మెడ మీద చెయ్యి వేశాడు. అది కిందికి నొక్కడం లేదు, కొక్కాన్ని పైకి లాగుతోంది.

"ఎనక బరువైతే కాడి పైకి లేచిపోయి ఎద్దు గొంతు పట్టేస్తాది," అన్నాడు మెల్లగా. "ఇదీ బండేనని నాకు తోసలేదు. అల్లుడా, తిప్పెయ్. ఇంటి వొంకే మొకం పెట్టు."

జగన్నాధం గొలుసులు విప్పుతుండగా అయ్య కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. నేను నీళ్ళసీసా ఇచ్చి, లక్ష్మి పోతుందని పట్టుపడితే మనుషులే పోయేవాళ్ళం కదా అన్నాను. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"లచ్చిమి కోసం కాదమ్మా," అన్నాడు. "ఆ రోజు ఆ రెండూ నా మొకంలోకి సూసుకుంటూ ఎల్లిపోనాయి. తాళ్ళు నా సేతిలోనే ఉన్నాయి. నాను ఎనక్కి తోత్తంటే అడుగులేసినాయి గాని నా మీంచి కళ్ళు తియ్యలేదు. అలాటి మొకం మళ్ళీ నాను సూళ్ళేనే."

ఎద్దులు పోయాక ఏడాదిగా ఆయనతో ఒకే చూరు కింద ఉన్నాను. శాల తాళం చూశాను, పట్టా చూశాను, మొండివాడని తిట్టుకున్నాను. ఇది మాత్రం నాకు తట్టలేదు. ఆయన పక్కనే కూర్చుండిపోయాను.

ట్రాక్టరును దించి, ట్రాలీ చక్రాన్ని గడ్డిలోంచి రోడ్డు మీదకి లాగాక, ట్రాక్టరును వెనక్కి నడిపి ఎక్కించడం మొదలైంది. ట్రాలీ చక్రాలకు, వెనక అంచు కింద రాళ్ళు పెట్టారు. రోటవేటరు ముందు, ఇంజను వెనక. అయ్య లేచి వెళ్ళి కొక్కం పిన్ను వదులు చేసి, ఇనప మెడ కింద చెయ్యి పెట్టాడు. కొంచెం కొంచెంగా రమ్మంటున్నాడు మా ఆయన్ని. ఇంకొంచెం. ఇంకొంచెం. ఒకచోట ఆగమన్నాడు. అయ్య మొహం మారిపోయింది.

"ఈశ్వరీ, ఇలా రా. నీ సెయ్యి పెట్టు."

పెట్టాను. ఎత్తమన్నాడు. ఇంత ఇనుము నేనెత్తడమేమిటని నవ్వబోతూ ఊరికే కదిపాను. లేచింది. ట్రాక్టరు, రోటవేటరు, ట్రాలీ, సీటు మీద కూర్చున్న మా ఆయన, అంతా కలిపి నా ఒక్క చేతిలో నిద్రపోతున్న పిల్లలా పైకి లేచి, మళ్ళీ మెత్తగా దిగింది. ఒళ్ళు గగుర్పొడిచింది. కాసేపటి కింద మమ్మల్ని చంపబోయిన బరువు ఇదే. రవ్వంత కూడా తగ్గలేదు. ఉండాల్సిన చోట నిలబడింది, అంతే. దేవుడి ఊరేగింపు దగ్గర వచ్చే భయం లాంటిదేదో నాకు ఆ రోడ్డు పక్కన వచ్చింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అయ్యకూ అలాగే ఉన్నట్టుంది. తన చెయ్యి నా చేతి పక్కనే పెట్టి, నిజమా కాదా అన్నట్టు మళ్ళీ మళ్ళీ ఎత్తి చూశాడు. జగన్నాధం దిగొచ్చి తనూ ఎత్తాడు. ముగ్గురం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఆ తర్వాత అయ్య ఇంకొక జానెడు ముందుకు జరిపించాడు. కాడి ఎద్దు మెడ మీద కూర్చోవాలి గానీ లేవకూడదట, మరీ నొక్కనూ కూడదట. గొలుసులు బిగించి, పిన్ను వేసి బయల్దేరాం. కల్వర్టు దాటాక అలాంటి దిగుడే ఇంకొకటి వచ్చింది. ట్రాలీ ఈసారి ఊగలేదు, ఉందో లేదో తెలియనట్టు వెంట వచ్చింది.

కొండ కింద మడుల్లో ట్రాక్టరు ఒక్కొక్క మెట్టూ దిగుతూ బురదను పాయసంలా చేస్తుంటే గట్ల మీద జనం మాటలాపి చూశారు. అయ్య కూడా వాళ్ళలో నిలబడి చూశాడు. చూస్తున్నంతసేపూ నోరు కొంచెం తెరుచుకునే ఉంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. పొద్దున్నే అయ్య దగ్గరుండి, రమ్మంటూ ఆగమంటూ ట్రాక్టరును వెనక్కి ఎక్కించాడు. మెడ కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తను మాత్రం ఇంటి దగ్గరే ఉంటానన్నాడు. ట్రాలీ వెనక్కి వచ్చి, గుమ్మం వైపు తిరిగి ఉన్న ట్రాక్టరు మొహం ముందు నిలబడ్డాడు. కొన్నాక మొదటిసారి దాని మీద చెయ్యి వేశాడు. ఎద్దు నుదురు నిమిరినట్టు నిమిరాడు.

"బేగి వచ్చీ," అన్నాడు దానితో.

బండి కదిలింది. అద్దంలో చూస్తూనే ఉన్నాను. అది ఆయన్నే చూసుకుంటూ వెళ్తోంది, ఆయన దాన్నే చూస్తున్నాడు. మలుపు తిరిగేదాకా చూపు తిప్పుకోలేదు.

సాయంత్రం చీకటి పడకముందే తిరిగొచ్చాం. అయ్య వీధిలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక పశువుల శాల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కొత్తగా అలికిన నేల ఇంకా ఆరలేదు.