గురువారం హంతకుడు

సుబ్బలక్ష్మమ్మ వఠారంలో మేడమీది గదికి సాయంత్రం కూర గిన్నె వెళ్ళాలా వద్దా అన్నది ఒక రచయిత చేతిలో ఉండేది. ఆ సంగతి ఆ రచయితకు తెలియదు. గదిలో అద్దెకుండే ఓంకార్‌కు అసలే తెలియదు.

తెలిసింది వరూధినికి ఒక్కదానికే.

వరూధినిది ప్రొద్దుటూరు. పెళ్ళయి బెంగళూరు కాటన్‌పేటకు కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు, వఠారంలో ఆడవాళ్ళకు ఆమె లేనిదే గురువారం గడవకుండా పోయింది. ఎందుకంటే ఆమెకు తెలుగు చదవడం వచ్చు. వఠారంలో అందరూ తెలుగువాళ్ళే, తాతల నాడు వచ్చి స్థిరపడ్డవాళ్ళు. తిట్టుకునేది తెలుగులో, పిల్లల్ని జోకొట్టేది తెలుగులో. బడి మాత్రం కన్నడంలో. తెలుగు అచ్చు చూపిస్తే, “మన కన్నడమే, రవ్వంత వయ్యారంగా ఉండాది” అని మురిసిపోయి, రెండో మాట దగ్గర చతికిలబడేవాళ్ళు.

పీణ్యాలో రాత్రి డ్యూటీ ముగించుకుని వస్తూ వరూధిని భర్త మెజెస్టిక్ బస్టాండులో వారపత్రిక కొనుక్కొచ్చేవాడు. అది నేరుగా ఇంటి యజమానురాలు సుబ్బలక్ష్మమ్మ రేడియో మీదికి చేరేది. మధ్యాహ్నం మూడింటి దాకా ఎవరూ విప్పకూడదు. చదివే వరూధిని కూడా ముందుగా చూడకూడదు. “నువ్వు ముందే భయపడేస్తే మాతోపాటు ఎట్ల భయపడతావు?” అని పక్కింటి పార్వతమ్మ చేతిలో చెయ్యి వేయించుకుంది.

అది తొంభై అయిదు డిసెంబరు. ‘కొండమీది కిటికీ’ సీరియల్ మంచి పాకంలో ఉంది. మేఖల అనే పిల్ల కొండమీది బంగళాకు వస్తుంది. బంగళా పైగదిలో ఒంటరిగా ఉండే ప్రణవ్‌ను ప్రేమిస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. ప్రతిసారీ కిటికీ అవతల ఎవరో నిలబడి ఊపిరి పీల్చిన చప్పుడు.

అనపగింజలు పితికే కాలం. ఆడవాళ్ళు నానబెట్టిన గింజలు ముందేసుకుని, పొట్టు లాగి పప్పు గిన్నెలో వేసుకుంటూ వినేవాళ్ళు. కిటికీ అవతల ఊపిరి చప్పుడు రాగానే పప్పు గిన్నెలో పడేది కాదు. ఎదుటివాళ్ళ మొహం మీద పడేది.

వినడంలో సుబ్బలక్ష్మమ్మను మించినవాళ్ళు లేరు. దయ్యం వస్తే కాళ్ళు రెండూ పీట మీదికి లాక్కునేది. ముద్దు వస్తే, “ఛీ, సిగ్గులేని దాన్నెవరు కన్నారో!” అని, గుటక మింగి, “ఆ మాట ఇంగొకసారి చదువమ్మే, సరిగా వినపడలే” అనేది. బంగళా వంటమనిషి చచ్చిపోయిన వారం రాత్రి అన్నం ముట్టలేదు.

చిక్కంతా ఎక్కడంటే, చదవడం అయిపోయినా ఆ అవ్వ కథలోంచి బయటికి వచ్చేది కాదు. ప్రణవ్ పైగదిలో ఉంటాడు, ఎడమచేతివాటం, మాట తక్కువ. ఓంకార్ కూడా అంతే. ఆదోని కుర్రాడు, ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. పొద్దుపోయి వచ్చి, తలవంచుకుని మెట్లెక్కుతాడు. ప్రణవ్ జ్వరంతో ఉన్న మేఖల పక్కన తెల్లవారిందాకా కూర్చున్న వారం, మేడమీదికి పితికిపప్పు కూర, రాగిముద్ద, పైన నెయ్యి వెళ్ళాయి. ప్రణవ్ పెట్టెలో నెత్తుటి రుమాలు దొరికిన వారం ఏమీ వెళ్ళలేదు. సరికదా, మేడమీది కొళాయికి నీళ్ళు కట్టేశారు.

ఓంకార్ బకెట్ పట్టుకుని వరూధిని గుమ్మంలోకి వచ్చాడు.

“ఏమండీ, నేనేమైనా తప్పు చేసినానా?”

“మీరేం చేయలేదు. ఒక వారం ఓర్చుకోండి. ప్రణవ్ మంచివాడే అనిపిస్తోంది నాకు.”

“ప్రణవ్ ఎవరండీ? వాడి నీళ్ళూ కట్టేసినారా?”

అతనికి లెక్కల పుస్తకాలు తెలుసు. కథ అన్నది పుట్టి బుద్ధెరిగి చదవలేదు.

ఇంతమాత్రమైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని అవ్వ మనవరాలు కళ్యాణి ఆ మౌనమునిని ప్రేమించి కూర్చుంది. తల్లి లేని పిల్లను అవ్వే పెంచింది. పెళ్ళి మాట అవ్వ నోటినుంచి రావాల్సిందే. ఓంకార్ అన్న బాలరాజు భార్యతో సహా ఆదివారం ఆదోని నుంచి పిల్లను అడగడానికి వస్తున్నాడు.

“అక్కా,” అంది కళ్యాణి బుధవారం, వరూధిని రెండు చేతులూ పట్టుకుని, “రేపు ఆ ప్రణవ్ ఏమీ చేయకుండా ఉంటే చాలు. వారమంతా ఊరికే కూచోనీ. దేవుడా, వానికి జ్వరమన్నా రానీ!”

గురువారం మూడింటికి పత్రిక విప్పారు.

వరూధిని చదవడం మొదలుపెట్టింది. కరెంటు పోయిన బంగళా. అద్దం ముందు మేఖల. వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. పితకడం ఆగిపోయింది. సుబ్బలక్ష్మమ్మ కాళ్ళు పీట మీదికి చేరాయి.

“అద్దంలో కత్తి మెరిసింది. కత్తి పట్టిన చెయ్యి మెల్లగా వెలుగులోకి వచ్చింది. ఆ చేతిని మేఖల గుర్తుపట్టింది. అది...”

పేజీ తిప్పింది. పై వరసలో ఉంది: ప్రణవ్ చెయ్యి.

వరూధిని చదవడం ఆపేసింది.

“ఎవరిదమ్మే ఆ చెయ్యి?” అవ్వ గొంతు పీలగా వచ్చింది. “చెప్పకపోతే నా పానం పోతాది!”

గడప అవతల కళ్యాణి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. వరూధిని కళ్ళు పేజీ అంతా పరుగెత్తాయి. అడుగున ఇంకో పేరు కనిపించింది. ఆలోచించకుండా దాన్ని అందుకుంది.

“దివాకరం మామయ్యది!”

గది గొల్లుమంది. దివాకరం మేఖల మేనమామ. ప్లీడరు. తెల్లపంచె, మెత్తటి మాట. ఇన్ని వారాలూ మేఖల తల నిమిరి ఓదార్చిన మనిషి.

“అయ్యో, ఆ ముసలోడా!” పార్వతమ్మ నోరు నొక్కుకుంది. “తేనె పూసిన కత్తి!”

మిగిలిన రెండు పేజీలూ వరూధిని చూసి చదివినట్టే చదువుతూ సొంతంగా అల్లింది. ప్రణవ్ తలుపు బద్దలు కొట్టుకుని వచ్చాడు. మేఖలకు అడ్డంగా నిలబడ్డాడు. భుజం మీద గాయం కూడా అయింది. గాయం చెప్పేసరికి అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రం ఓంకార్‌కు కూరా ముద్దతోపాటు పాయసం వచ్చింది. అతను గిన్నె మూత తీసి చాలాసేపు అనుమానంగా చూశాడు.

వరూధిని ఒడ్డున పడ్డాననుకుంది. కాని కథలో ఒకడిని తప్పిస్తే ఆ నేరం మోయడానికి ఇంకొకడు కావాలి కదా. వాడు శనివారం వచ్చాడు.

అవ్వ తమ్ముడు అశ్వత్థప్ప. దేవనహళ్ళిలో ఉంటాడు. ముప్పై ఏళ్ళు కోర్టులో ప్లీడరు గుమాస్తా. తెల్లపంచె, మెత్తటి మాట. కళ్యాణికి తాను చూసిన దేవనహళ్ళి సంబంధమే చేయాలని ఆరు నెలలుగా అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఈసారి తోటలోని చకోతా పండు, అంటే పంపరపనస, తెచ్చాడు. అక్క పక్కన కూర్చుని, వంటింటి వైపు తిరిగి, “కళ్యాణీ, కత్తి తేమ్మా” అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ కెవ్వుమంది.

“ఏమైందక్కా?”

“కత్తెందుకురా నీకు? ఎందుకు కత్తి?”

“చకోతా కోసేదానికి!”

“ఆ మూలకు పోయి కూచో. నాకు కనపడేటట్ల కూచో!”

తమ్ముడు ఇచ్చిన కాపీ తాగలేదు. తల నిమరబోతే ఆ చెయ్యి తోసేసింది. అశ్వత్థప్ప మొహం మాడ్చుకుని వాకిట్లోకి వస్తే పార్వతమ్మ ఆపుకోలేక అంతా చెప్పేసింది.

“కథలో ప్లీడరు కత్తి పడితే నా అక్క నన్ను చూసి వణకాల్నా?” అశ్వత్థప్పకు చెవులు ఎర్రబడ్డాయి. కాని కోర్టు బుర్ర కదా, వెంటనే చల్లబడింది. “ఆ కథ చదివిందెవరు? ఆ యమ్మి ఒకతే కదా? సాక్షి ఒకతే అయితే అసలు దస్తావేజు చూడాల.”

ఆదివారం ఉదయం బాలరాజు దంపతులు చాప మీద కూర్చుని ఉప్పిట్టు తింటున్నారు. ఓంకార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. అవ్వ మొహం ప్రసన్నంగా ఉంది. వరూధిని కాపీ లోటాలు అందిస్తోంది. మాట ఇప్పుడో ఇంకో క్షణానికో వచ్చేట్టుంది. అప్పుడు గేటు చప్పుడైంది. అశ్వత్థప్ప వచ్చాడు. వెనకాల ఒక బట్టతల మనిషి.

“ఈయన పద్మనాభం గారు. అనంతపురం. బ్యాంకులో పని. తెలుగు బాగా చదువుతారు” అన్నాడు అశ్వత్థప్ప. “అక్కా, ఆ పత్రిక ఈయన చేతికి ఒకసారి ఇప్పించు.”

ఓంకార్ మర్యాదగా లేచి పద్మనాభానికి కుర్చీ ఇచ్చి, తాను వెళ్ళి చాప చివర, అవ్వ పీట పక్కన కూర్చున్నాడు.

పద్మనాభం కళ్ళజోడు పెట్టుకుని, బ్యాంకు గోడ మీద నోటీసు చదివినట్టు చదివాడు. “కత్తి పట్టిన చెయ్యి మెల్లగా వెలుగులోకి వచ్చింది. ఆ చేతిని మేఖల గుర్తుపట్టింది. అది ప్రణవ్ చెయ్యి.”

అందరి తలలూ వరూధిని వైపు తిరిగాయి.

బాలరాజు చేతిలో చెంచా ఆగిపోయింది. “ఎవరండీ ఈ ప్రణవ్? ఎవర్ని పొడిచినాడు? మా వాడుండే గదిలోనేనా?”

“కథలోనప్పా, కథలో” అంది పార్వతమ్మ.

“ప్లీడరు కాదు, చూసినావా అక్కా!” అశ్వత్థప్ప మీసం దువ్వాడు. “ఆ పైగదిలో ఉండేవాడే!”

సుబ్బలక్ష్మమ్మ వరూధినిని నిలువునా చూసింది. “నాకు అబద్ధం చదివితివా?”

“తప్పే అవ్వా. ఉన్నదున్నట్టు చదివితే మీరు ఓంకార్‌ను వెళ్ళగొడతారని భయపడ్డాను.”

“కథకూ మనిషికీ తేడా తెలీనిదాన్ననుకొంటివా?”

పార్వతమ్మే మెల్లగా, “పోయిన నెల కొళాయి కట్టేస్తివి కదక్కా” అంది.

ఓంకార్ ఉలిక్కిపడి తలెత్తాడు. “నీళ్ళు... దానికోసమా?”

అవ్వ మొహం కందగడ్డ అయింది. గడప అవతల కళ్యాణి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో దానికే తెలియదు. అవ్వ పద్మనాభం చేతిలోంచి పత్రిక లాక్కుని వరూధిని చేతికిచ్చింది.

“ఆయప్ప చదివింది నాకు చెవికెక్కలే. కరెంటు బిల్లు చదివినట్ల చదివినాడు. వరూధినీ, నువ్వు చదువు. ఉండేది ఉండేటట్లు. ఒక అక్షరం మార్చినావో, ఈ వఠారంలో నీకు నీళ్ళుండవు!”

అశ్వత్థప్ప హాయిగా గోడకు జారబడ్డాడు. పని అయిపోయింది. ఆ కుర్రవాడి పక్కనే కూర్చుని ఆ కథ వింటే అక్క ఊరుకుంటుందా?

వరూధినికీ అదే అనిపించింది. పద్మనాభంలాగే తానూ పొడిపొడిగా చదివేస్తే? అలాగే మొదలుపెట్టింది కూడా. రెండు వాక్యాలు అలా నడిచాయి. మూడో వాక్యంలో తలుపు కిర్రుమంది. అక్కడితో ఆమె నిర్ణయం ఆమె చేతిలో లేదు. గురువారం హడావిడిలో ఆమె ఈ పేజీలు చదవనే లేదు, చూసి పారేసింది. ఇప్పుడే చదువుతోంది. ప్రణవ్ నవ్వాడు. “నిన్ను ప్రేమించాను మేఖలా, అందుకే నీ వంతు చివర ఉంచాను” అన్నాడు. వరూధిని వెన్ను జల్లుమంది. ఆ జల్లు గొంతులోకి వచ్చింది. గొంతులోంచి గదిలోకి పాకింది.

బాలరాజు భార్య భర్త పక్కకు జరిగింది. పద్మనాభం కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, తాను ఇప్పుడే చదివింది ఇదేనా అన్నట్టు. మేఖల వెనక్కి వెనక్కి నడిచింది. వీపుకు చల్లగా తగిలింది కిటికీ అద్దం. కింద లోయ. ముందు కత్తి. సుబ్బలక్ష్మమ్మ చెయ్యి గాలిలో తడుముకుని, అందిన చేతిని గట్టిగా పట్టేసుకుంది.

“మేఖల కళ్ళు మూసుకుంది. అద్దం భళ్ళున పగిలింది.”

వరూధిని పత్రిక మూసింది. “అంతే. ఇంక వచ్చే గురువారమే.”

అవ్వ మెల్లగా తల దించి చూసుకుంది. తన చేతిలో ఉన్నది ఓంకార్ చెయ్యి.

అశ్వత్థప్ప ముందుకు వంగాడు. అవ్వ ఆ చేతిని వదల్లేదు. ఇటూ అటూ తిప్పి చూసింది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. ఓంకార్ నుదుటి మీద కూడా చెమటే. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“అమ్మా,” అన్నాడు ఓంకార్, “దూకేసిందా? ఆ అమ్మాయి... బతుకుతుందా?”

“ఎవరికి తెలుసప్పా!” అవ్వ అతని చేతిని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. “ఏందప్పా ఇది, ఇంత వణుకుతుండావు? నాకన్నా అధ్వానంగా ఉండావే! పట్టపగలు, ఇంతమందిలో!”

“నేను ఇట్లాంటివి ఎప్పుడూ వినలేదమ్మా.”

“అక్కా, ఆ దేవనహళ్ళి సంబంధం...” అని అశ్వత్థప్ప ఎత్తుకున్నాడు.

“సుమ్మనుండురా, నోరెత్తద్దు. పిల్లోడు జడుసుకోనుండాడు.” అవ్వ బాలరాజు వైపు తిరిగింది. “ఏమప్పా, మీ తమ్ముడు ఇంత పిరికోడని ముందే చెప్పకూడదా? ఇన్ని దినాలు పైన ఒక్కణ్ణే పండబెడితిమి!”

బాలరాజు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీ అవతల ఎవరో పిల్లిని తరిమారు. ఓంకార్ ఎగిరిపడ్డాడు.

సుబ్బలక్ష్మమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే గడప వైపు కేకేసింది.

“కళ్యాణీ! ఆ గోడకు ఎంతసేపు అంటుకోనుంటావు? రా. ఈయన చొక్కా మార్చుకొనేదానికి పైకి పోవాలంట. మెట్లకాడ చీకటి. తోడు పో.”

కళ్యాణి గడప దాటింది.