ఎద్దు మీద పడని దెబ్బ

నేను ఒక చర్నాకోలను. చెప్పులు కుట్టే ఓబులేసు గేదె తోలు చీల్చి, మూడు పాయలుగా అల్లి, వెదురు పిడికి బిగించాడు. తగిలితే చర్మం ఊడొస్తుందని చెప్పి మరీ నన్ను చెంచయ్య చేతిలో పెట్టాడు.

చెంచయ్య పదకొండేళ్లు ఎద్దుబండి తోలాడు. ఒక్కనాడూ నన్ను ఎద్దు మీద వేయలేదు. గాలిలో ఝళిపిస్తే చాలు, ఎద్దులు కదిలేవి. నోరులేని జీవాలను కొడితే పాపమనేవాడు.

రెండో కాన్పు తర్వాత అతని భార్య రవణమ్మకు నిద్ర కరువైంది. అన్నంలో విషం కలిపారనేది. బిడ్డను ఎవరో మార్చేశారని ఏడ్చేది. సూదిమందుల నర్సమ్మ వచ్చి చూసి, ఇది జబ్బేనని, పట్నంలో దీనికి మందులున్నాయని చెప్పింది.

"వొద్దమ్మా. దెయ్యమంటే రేపు దిగిపోద్ది. పిచ్చంటే ఇంటికే అంటుకుంటది. నా పిల్లల్ని ఎవురు చేసుకుంటారు?" అన్నాడు చెంచయ్య.

మనుషుల్లో దయ్యానికి ఉన్న పరువు జబ్బుకు లేదని నాకప్పుడు తెలిసింది.

కోటిలింగమనే భూతవైద్యుడు వచ్చాడు. పట్టపగలు, ఊరందరి ముందు, రవణమ్మను గుంజకు కట్టించాడు. వేపమండలు చాలవన్నాడు. చెంచయ్యే నన్ను తెచ్చి అతని చేతికిచ్చాడు.

"ఎవురే నువ్వు?"

"రవణమ్మని."

కొట్టాడు. దయ్యం అబద్ధమాడుతోందట.

"పేరు చెప్పు."

"రవణమ్మనయ్యా. కొండయ్య కూతుర్ని."

రెండో దెబ్బకు రవిక చిరిగింది. మూడో దెబ్బకు వీపు చిరిగింది. నా అల్లికలోకి నెత్తురు దిగింది. బాగానే పలికిస్తున్నాడని వెనక ఎవరో ఆడమనిషి మెచ్చుకుంది. నిజం చెప్పిన ప్రతిసారీ నేను ఆమె మీద పడ్డాను. పద్నాలుగో దెబ్బకు, ఎప్పుడో బావిలో పడి చచ్చిన అంకమ్మ పేరు చెప్పింది. కోటిలింగం నన్ను దించాడు. జనం చేతులు జోడించారు.

వారం తర్వాత చెంచయ్య గంజి తెచ్చి, మెల్లగా "రవణా" అని పిలిచాడు. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నేను రవణని కాదయ్యా. అంకమ్మని. కొట్టబాక."

అతను గంజి గిన్నె కింద పెట్టాడు. తర్వాత లేచి నన్ను కొక్కెం నుంచి లాగి, పిడిని మోకాలికేసి విరిచి, పెంటదిబ్బ మీదికి విసిరాడు.

మిగతాది ఇక్కడి నుంచే చూశాను. పిచ్చోళ్లను ఎక్కించుకోనని ఆటోవాడు బండి తిప్పుకుపోయాడు. ఆమె వీపు పుండ్లు ఎద్దుబండి కుదుపుకు ఓర్వవని చెంచయ్య ఆమెను వీపున వేసుకున్నాడు. నర్సమ్మ బిడ్డను ఎత్తుకుంది. అరుగుల మీది వాళ్లు ఏ గుడికని అడిగారు.

"గుడిక్కాదు. పిచ్చాసుపత్రికి."

అందరికీ వినబడేలా అన్నాడు. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అతను బస్సు రోడ్డు వైపు నడిచాడు.