అడగాల్సిన మాట

అత్తగారి మాటకి, అరటికాయల తొక్క తీస్తున్న ఖైంజా చేతులు ఆగిపోయాయి.

"నీ కూతురు తన స్వెట్టరూ రేడియోనూ పక్కింటి పిల్లకి ఇచ్చేసిందట. దానగుణం మా వంశానిదిలే."

ఎంబాలే ఊళ్లో నర్సుగా ఎనిమిదేళ్లనించీ ఖైంజా తల్లులకి చెబుతున్నదే అది. ఎదిగే పిల్లలు నిద్ర మానేసినా, ఎవరితోనూ కలవకపోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేసినా ఊరుకోకండి. కొట్టే ఇల్లు, నలుగురిలో నవ్వులపాలు చేసే ఇల్లు పిల్లల్ని చావు వైపు తోస్తుంది అని. అందరికీ చెప్పింది. మూడు వారాల కిందట ఆమె మొగుడు, హెడ్మాస్టర్ వంబోకా, పదిహేనేళ్ల కూతురు నంబోజో రహస్యంగా రాసుకున్న నోటుబుక్కు చుట్టాల ముందు పైకి చదివి, "దీని చదువు ఇదీ" అంటే అందరూ పగలబడి నవ్వారు. ఖైంజా వాళ్లకి టీ పోస్తూ నిలబడింది. తనూ నవ్వింది. నవ్వకపోతే ఆ పూట ఏమవుతుందో పదహారేళ్లుగా ఆమెకి తెలుసు.

చేతులు కడుక్కుని కూతురి గదిలోకి వెళ్లింది. చావు సంగతి అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని తను నేర్చుకున్నదే. మంచం అంచున కూర్చుని అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?"

నంబోజో గోడకేసి తిరిగింది. "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నానమ్మా."

గుమ్మంలో వంబోకా. "నీ ఆసుపత్రి పైత్యం నా ఇంట్లోకి తేకు. హెడ్మాస్టర్ కూతురికి పిచ్చంటే నేను తలెత్తుకోవాలా? రెండు తగిలిస్తే అదే సర్దుకుంటుంది."

"నాకు తగిలించారుగా. నేను సర్దుకోలేదు. భయపడ్డానంతే," అంది ఖైంజా.

పిల్ల చెయ్యి పట్టుకుని అతన్ని ఒరుసుకుంటూ బయటికి నడిచింది. "మరి వంటెవరు చేస్తారు?" అంది అత్తగారు వెనకనించి.

ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలర్ అమోంగిన్ నంబోజోతో ఒంటరిగా గంటసేపు మాట్లాడింది. తర్వాత తల్లిని పిలిచింది.

"పిల్లని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో కొట్టేవాళ్లున్నారా?"

"ఉన్నాడు. దాని తండ్రి." ఎనిమిదేళ్లుగా పక్కగదిలో పనిచేస్తూ అమోంగిన్‌తో ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఆ ఇంటికి వెళ్లం. మా అక్క దగ్గరుంటాం. వారం వారం దీన్ని మీ దగ్గరికి తీసుకొస్తాను."

అమోంగిన్ రాసుకుని కాగితం మడిచింది. ఖైంజా మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"దాన్ని అడిగినవన్నీ," అంది, "నన్ను కూడా అడగండి."