గామ్సీ కిరీటం

వాల్బుర్గా కడుపు రగిలిపోతోంది. ఏటా చలి మొదలవుతూనే కొండమీది మేతబీళ్ల నుంచి ఊరిమంద దిగివస్తుంటే, అన్నిటికన్నా ముందు నడిచేది ఆమె ఆవు గామ్సీయే. నెత్తిన పూలకిరీటం, మెడలో గుమ్మడికాయంత గంట. ఈసారి ఆ భాగ్యం పక్కింటావిడ సెంజీ ఆవుకు దక్కింది.

"గామ్సీకి వయసైపోయిందక్కా, మోకాళ్లు పట్టేస్తున్నాయి" అన్నాడు కాపరి కాస్పర్. మోకాళ్లట! మొన్నటికి మొన్న కంచె దూకిన ఆవుకి!

సెంజీ మాత్రం వాకిట్లోనే పీట వేసుక్కూర్చుని, దారినపోయే వాళ్లందరికీ కనబడేలా దేవదారు కొమ్మలకు కాగితం పూలు కట్టింది.

"వదినా, ఎరుపు బాగుంటుందా, నీలమా?"

"నీ ఆవు మొహానికి ఏదైనా ఒకటే."

సెంజీ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు వాల్బుర్గాకు ఒళ్లు ఇంకా మండింది.

నిజానికి ఈ యేడు ఎవరి ఆవుకూ కిరీటం ఉండకూడదు. మేతకు వెళ్లిన మందలో ఒక్కటి చచ్చినా పూలు కట్టరు, నల్లగుడ్డతో దిగాల్సిందే. అది ఆ ఊరి కట్టడి. నడివేసవిలో వాల్బుర్గా దూడే లోయలో పడి చచ్చిపోయింది. చూడటానికి పైకి వెళ్లిన ఆమె కాస్పర్ చేతిలో సారా సీసా పెట్టి, "నోరు మెదపకు తమ్ముడూ, బేరగాడికి అమ్మేశానని చెబుతాను" అని ఒట్టు వేయించుకుంది. అదంతా గామ్సీ కిరీటం కోసమే. తీరా ఆ అబద్ధం సెంజీకి పనికొచ్చింది.

మందను పొలిమేరలో ఆపి అలంకరణ మొదలుపెట్టారు. కింద వంతెన దగ్గర పట్నం వాళ్లు కెమెరాలతో కాచుకుని ఉన్నారు. సెంజీ కిరీటం పైకెత్తగానే గామ్సీ అలవాటుగా ముందుకొచ్చి తల వంచింది.

"నీకు కాదే ముసలమ్మా, పక్కకు జరుగు" అంటూ సెంజీ దాన్ని మెల్లగా తోసింది.

వాల్బుర్గా ఇక ఆగలేకపోయింది. "ఎవరికీ కట్టొద్దు! నేను దూడను అమ్మలేదు. పైనే చచ్చిపోయింది."

అందరూ ఆమెవైపే చూశారు. కాస్పర్ తన బూట్లు చూసుకున్నాడు. సెంజీ కిరీటాన్ని గడ్డిమీద పెట్టింది. తిడుతుందనుకుని వాల్బుర్గా నాలుగు మాటలు సిద్ధం చేసుకుంది.

"ఎవరికీ చెప్పుకోకుండా ఇన్నాళ్లూ ఎట్లా ఉన్నావు వదినా?" అంటూ సెంజీ తన తలకున్న నల్ల రుమాలు విప్పింది. "గామ్సీని ముందుకు తీసుకురా. చావు జరిగిన ఇంటి ఆవే కదా ముందు నడవాల్సింది."

తన చేతులతోనే గామ్సీ కొమ్ముకు రుమాలు కట్టింది. సెంజీ మాటలో వెటకారం వెతికినా దొరకలేదు. వాల్బుర్గా సిగ్గుతో చచ్చిపోయింది.

గామ్సీ ముందు నడిచింది. వంతెన దగ్గర కెమెరాలన్నీ దానివైపే తిరిగాయి. వాల్బుర్గా తలెత్తలేదు. అయినా సెంజీ ఆవు గామ్సీ వెనకే వస్తోందో లేదోనని ఒక్కసారి తిరిగి చూసుకుంది.