సుబ్బలక్ష్మి అద్దెకు దిగిన ఇళ్లు

వెంకటసుబ్బారావు పొద్దున్నే యూనివర్సిటీలో ఓ చుట్టు నడిచి తార్నాక వీధుల్లోకి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. చేతిలో మడిచిన పేపరుంటుంది. ఇంటింటి ముందూ చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, ఆ పేపరు అంచు గోడ కింద దూరుతుందేమో చూస్తాడు. దూరితే ఇంటి నంబరు గుర్తుపెట్టుకుని, కాఫీ వేళకు వచ్చి తలుపు తడతాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో కొందరికి మనసు నిలకడ తప్పింది. ఇంట్లో ఒక్కరి మనసు ఊళ్లోంచి లేచినా చాలు, ఇల్లు కూడా నేల మీంచి లేచేది. మొదట కాగితం పట్టేంత, తర్వాత వేలు పట్టేంత, ఆపైన జానెడు. ఎవరూ వింతపడలేదు. మెట్టు కింద ఓ ఇటుక వేసుకున్నారు, ప్లంబరును పిలిచి పైపు పొడిగించుకున్నారు. లేచిన ఇల్లు మాత్రం పాతవాళ్లుండగా మళ్లీ దిగదు. అమ్మేశాక, కొన్నవాళ్లు వచ్చి పాలు పొంగిస్తేనే దిగుతుంది.

ఈ సంగతి ఇంటివాడి కంటే ముందు వెంకటసుబ్బారావుకు తెలిసిపోయేది. బోర్డు కట్టకముందే, బంధువుల చెవిన పడకముందే వెళ్లి కూర్చుని, మనవాణ్ణి గనక చెబుతున్నాను, రేపు ఈ ధర కూడా రాదు అని చవగ్గా అమ్మించి, కొన్నవాళ్ల దగ్గర కమీషను పుచ్చుకునేవాడు. పరీక్షల విభాగంలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి, పైగా గుంటూరువాడు. మనవాడే మనల్ని ముంచుతాడని ఎవరనుకుంటారు?

ఓ వీధి మూల మీద సుబ్బలక్ష్మి ఇల్లు మాత్రం మొండికేసింది. పక్కనున్న రెండిళ్లూ లేచాయి, బేరమూ కుదిరింది. మూడూ కలిస్తేనే తీసుకుంటానని బిల్డరు పట్టుబట్టాడు. ఆవిడ భర్త పోయిన మనిషి, నోట్లో వేలు పెడితే కొరకలేదు. బందులకు మెస్సులు మూతపడ్డ రోజుల్లో హాస్టలు పిల్లలు డజనుమందికి వండిపెట్టేది. తెలంగాణ కావాలని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న పిల్లలు, ఈ ఒంగోలావిడ వంటింట్లో వరసగా కూర్చుని చారన్నం తినేవాళ్లు. వెంకటసుబ్బారావు నాలుగుసార్లు వెళ్లి ఊరి పరిస్థితి భయంకరంగా వర్ణించాడు. నాలుగుసార్లూ ఆవిడ ఒకే మాట అంది.

"ఎక్కడికి పోను అన్నయ్యగారూ? ఒంటిగంటకు పిల్లలొస్తారు."

అని, అతనికీ ఓ కంచం పెట్టింది. అతను తృప్తిగా తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వారమే పోలీసులు ఇద్దరు కుర్రాళ్లను పట్టుకుపోయారు. పేర్లెవరిచ్చారని హాస్టల్లో ఒకటే గుసగుస. వెంకటసుబ్బారావు టీ బండి దగ్గర రత్నాకర్ అనే రీసెర్చి విద్యార్థిని పక్కకు పిలిచి, మీ అందరి మొహాలూ రోజూ చూసే ఆంధ్రావాళ్లెవరో ఆలోచించుకో నాయనా అని చెవిలో ఊదాడు. ఆవిడ పేరు ఎత్తలేదు. అంత నీతిమంతుడు.

మర్నాడు పన్నెండు కంచాలు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. మూడో రోజు అమల వచ్చింది. సూర్యాపేట వైపు పిల్ల, రోజూ తిన్నాక అందరి కంచాలూ తనే కడిగేది. గేటు బయటే నిలబడింది.

"గిట్ల చేస్తరని అనుకోలే ఆంటీ. ఆకలైనోళ్లకు అన్నం పెట్టి, ఎనుక నుంచి పేర్లిస్తరా?"

సుబ్బలక్ష్మికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకుని నోరు విప్పేలోపు ఆ పిల్ల వీధి మలుపు తిరిగిపోయింది. నాలుగో రోజు పేపరు దూరింది. వెంకటసుబ్బారావు సంతోషం పట్టలేక ఇంటికి ఇడ్లీలు కట్టించుకుని వెళ్లాడు.

ఇల్లు అమ్మేసుకుని ఆవిడ నల్లకుంటలో సోమయాజులుగారింట్లో అద్దెకు దిగింది. వారం తిరక్కుండా ఆ ఇల్లు లేచింది. శని పట్టిందని ఆయన ఆవిడను వెళ్లగొట్టి, ఇంటిని వెంకటసుబ్బారావుకు అప్పజెప్పాడు. అంబర్‌పేటలో ప్రమీలమ్మ ఇంటికీ అదే గతి పట్టింది. ట్రంకుపెట్టె రోడ్డు మీద పెట్టుకుని సుబ్బలక్ష్మి ఏడుస్తూ ఫోను చేసింది.

"నేనేం పాపం చేశాను అన్నయ్యగారూ? నేను కాలు పెట్టినచోట ఇల్లు నిలవడం లేదు."

అప్పుడు తట్టింది వెంకటసుబ్బారావుకు. ఇన్నాళ్లూ లేచిన ఇళ్లు వెతుక్కుంటూ నడుం పడిపోయేలా వంగాడు. లేపే మనిషిని చేతిలో పెట్టుకుని ఇంత అవస్థ ఎందుకు?

హబ్సిగూడలో అచ్యుతరామయ్య ఇంటి మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. అమ్మకం మాటెత్తితే ఆయన రెండుసార్లు గేటు చూపించాడు. వెనక గది మాత్రం ఖాళీగా ఉంది. ఒంటరి మనిషి, నెమ్మదస్తురాలు, పూచీ నాది అని చెప్పి వెంకటసుబ్బారావు ఆవిడను అక్కడ దింపాడు. పెట్టె తనే మోశాడు. ఈ ఊళ్లో నాకు మిగిలింది మీరొక్కరేనని ఆవిడ చేతులు జోడించింది. ఒక్కటే కోరింది.

"కోపం తగ్గితే పిల్లలొస్తారేమో. అమలకు ఈ అడ్రసు చెబుతారా?"

"తప్పకుండా చెబుతానమ్మా."

పిల్లలొస్తే ఆవిడ మనసు కుదురుకుంటుంది, మనసు కుదురుకుంటే ఇల్లు కదలదు. ఆ మాత్రం అతనికి తెలుసు.

మర్నాడు ఆర్ట్స్ కాలేజీ ముందు అమలే ఎదురొచ్చింది. పట్టుకుపోయిన కుర్రాళ్లు బెయిలు మీద వచ్చి, పేర్లిచ్చింది హాస్టల్లోవాడేనని చెప్పారట. పరుగెత్తుకుంటూ తార్నాక వెళితే అక్కడ ఇల్లు లేదు, పునాదులు తవ్వుతున్నారట.

"ఆంటీ ఏడున్నదో మీకు ఎరుకేనా సార్? మాది తప్పైంది. కాళ్లు మొక్కాలె."

"సొంతూరు వెళ్లిపోయిందమ్మా. అడ్రసివ్వలేదు. మీ ఎవరి మొహమూ చూడనంది."

అమల మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అతను కాసేపు పక్కనే నిలబడి, పొద్దున్నే తినకుండా తిరగొద్దని బుద్ధి చెప్పి, హబ్సిగూడ ఆటో ఎక్కాడు. ఇంటి ముందు దిగి చూశాడు, ఇంకా లేవలేదు. తొందరేముంది అనుకున్నాడు.

ఆ వచ్చే శుక్రవారం పొద్దున అచ్యుతరామయ్య పాలప్యాకెట్ల కోసం గడప దిగబోయి, నేల అందక బోర్లా పడ్డాడు. గేటు దగ్గర అప్పటికే నిలబడి ఉన్న వెంకటసుబ్బారావు పరుగున వచ్చి లేవనెత్తి, దెబ్బ గట్టిగా తగిలిందా అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. వెనక గదిలో సుబ్బలక్ష్మి ఆ చప్పుడు విని, ఎవరూ పొమ్మనకుండానే పెట్టె సర్దుకోసాగింది.