మొక్క పేరులో రెండో మాట

లాటినక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి బీరువాల్లో దాచే హెర్బేరియంలో ఆమె ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. ఏ మొక్క పేరు అడిగినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. గ్రీకులో హీలియోస్ అంటే సూర్యుడు, ఆంథోస్ అంటే పువ్వు, అందుకే పొద్దుతిరుగుడు హీలియాంథస్ అయింది. గ్లాడియోలస్ అంటే లాటిన్‌లో బుల్లి కత్తి. పెద్దసారు తన గదిలో ఆర్కిడ్ కుండీలు పెట్టుకుని మురిసిపోతుంటే, గ్రీకులో ఆ మాటకు వృషణమని అర్థమన్న సంగతి ఆయనకు తప్ప ఆఫీసులో అందరికీ చెప్పింది ఆమే.

పెద్దసారు ఆ సంస్థకు అధిపతి. ఆయనంటే ఆమెకు ఒళ్ళుమంట. ఉండదూ మరి.

లాటినక్క నాన్న ఆ సంస్థకే మొక్కలు సేకరించి తెచ్చే మనిషి. చదువు అంతంతమాత్రం, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. క్వారీ వెనక వాలులో, దగ్గరికెళితే ముక్కు మూసుకోవాల్సిన ఓ తెల్లపూల తీగను కనిపెట్టాడు. ఇది కొత్తదని ముందు అనుమానించిందీ ఆయనే. పువ్వు దొరికితే కాయ దొరక్క మూడు వేసవులు ఆ వాలు ఎక్కి దిగాడు. కాయ దొరికిన ఏడాదే గుండె ఆగి పోయాడు. మొక్క పేరులో రెండు మాటలుంటాయి. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది ఆ మొక్కకే సొంతం. ఆ రెండో మాటగా నాన్న పేరుకు లాటిన్ తోక తగిలించి పెడతామని, శవం పక్కన నిలబడి పెద్దసారు అమ్మకు మాటిచ్చాడు.

ఏడాది తిరిగేసరికి, కొత్త మొక్కను లోకానికి ప్రకటించే వ్యాసం తయారైంది. రెండో మాట దగ్గర పెద్దసారు మామగారి పేరుంది. ఆ మామగారు జన్మలో గడ్డి మీద కాలు పెట్టిన మనిషి కాదు.

“సార్, మా నాన్న పేరన్నారు కదా” అందామె.

“మీ నాన్న కోసుకొచ్చాడమ్మా. కోసుకొచ్చిన ప్రతివాడి పేరూ పెట్టుకుంటూ పోతామా? ఇదిగో, అచ్చుకు వెళ్ళే ముందు తప్పులేమైనా ఉంటే చూసి ఇవ్వు.”

ప్రూఫు కాగితాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ చదివింది. నాలుగో పేజీలో ఆగిపోయింది. కొత్త పేరు చెల్లాలంటే, ఏ నమూనా అట్టను బట్టి ఆ పేరు పెట్టారో, ఆ అట్ట ఏ హెర్బేరియంలో ఉందో అచ్చులో చెప్పి తీరాలి. అక్కడ ఖాళీ ఉంది. మామగారికి చూపించడానికి అట్టను ఇంటికి పట్టుకెళ్ళిన పెద్దమనిషి, తిరిగి తెచ్చాక రాద్దామనుకుని మరిచిపోయాడు. ఆ ఒక్క ముక్క లేకపోతే ఆ పేరు పుట్టనట్టే.

పెన్సిలు తీసింది. రెండు కామాలు సరిచేసింది, ఒక అచ్చుతప్పు దిద్దింది. ఖాళీ జోలికి పోలేదు. “అంతా బాగుంది సార్” అని కాగితాలు తిరిగిచ్చినప్పుడు ప్రాణం ఎంత హాయిగా ఉందో.

వ్యాసం అచ్చయింది. ఇక ముందుగా ఎవరు సరిగ్గా అచ్చువేస్తే వాళ్ళు పెట్టిన పేరే శాశ్వతం. అదే తీగ నుంచి నాన్న తీసిన రెండో అట్ట ఇంకో ఊరి హెర్బేరియంలో భద్రంగా ఉంది. ఆమె అక్కడికెళ్ళి కొలతలు రాసుకుని, నాన్న పేరుతో వ్యాసం సిద్ధం చేసింది. ఇంటికొచ్చి చెబితే, అమ్మ ఆ పేరును రెండుసార్లు పలికించుకుని వింది.

దాన్ని పత్రికకు పంపడానికి రెండు రోజుల ముందు మామగారికి సన్మానం. వేదిక మీద తీగ బొమ్మ, కింద బంగారు అక్షరాల్లో ఆయన పేరు. పెద్దసారు మైకు పట్టుకుని, “మా కూలీ ఒకడు దీన్ని కలుపు మొక్కనుకుని పారేయబోతుంటే నేనే ఆపాను” అన్నాడు. జనం పగలబడి నవ్వారు. చివరి వరుసలో కూర్చున్న లాటినక్కకు తల దిమ్మెక్కింది. పోయిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేస్తాడా వీడు.

తిన్నగా ఆఫీసుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. నాన్న పేరు పెడితే వీడికేం నొప్పి? నాలుగు రోజులు మూతి ముడుచుకుని మరిచిపోతాడు. వీడికి మంట పుట్టాలి, ఆ మంట ఆరకూడదు. చెల్లని పాత పేరును కొత్త పేరు కింద చూపించడం వాళ్ళ పద్ధతి. పైన కంపు, కింద మామగారు. ఎవరు ఎక్కడ వెతికినా రెండూ కలిసే కనిపిస్తాయి. నాన్న పేరు చెరిపేసి ‘ఫెటిడా’ అని కొట్టింది. లాటిన్‌లో కంపు కొట్టేది అని అర్థం. పేరు ఎలా వచ్చిందో చెప్పే చోట ఆ అర్థాన్ని విడమరిచి మరీ రాసింది. పంపేసింది.

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పత్రిక వచ్చిన వారానికి మామగారు అల్లుడి ముఖం చూడడం మానేశాడట. పెద్దసారు ఆమె బల్ల దగ్గరికొచ్చి, “ఆ ఖాళీ నువ్వు చూశావు కదూ” అన్నాడు నీరసంగా.

“తప్పులు చూడమన్నారు సార్. అక్కడ అసలేమీ రాసి లేదు కదా” అంది. నాన్న పోయాక అంత తృప్తిగా నవ్వడం అదే మొదలు.

సాయంత్రం పత్రిక తీసుకుని ఇంటికెళ్ళింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది.

“ఏదీ, మీ నాన్న పేరు చూపించు.”

లాటినక్క సన్మానం దగ్గర్నుంచి మొత్తం చెప్పుకొచ్చింది. అల్లుడికీ మామకూ చెడిందన్న చోట అమ్మ నవ్వుతుందనుకుంది.

“వాడికి తగిన శాస్తే జరిగింది” అంది అమ్మ. “మరి నాన్న పేరు?”

“లోపల ఉందమ్మా. సేకరించినవారు అని చిన్న అక్షరాల్లో.”

“పైకి మార్చరాదూ? పెట్టింది నువ్వేగా.”

“ఒకసారి అచ్చయ్యాక పెట్టినవాళ్ళు కూడా మార్చకూడదు.”

“ఎన్నాళ్ళుంటుందే ఈ పేరు?”

“ఎప్పటికీ.”

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని లాటినక్కకు ఏడుపొచ్చింది. అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పత్రికను ఆమె ఒళ్ళోకి జరిపి, లోపలికి వెళ్ళి పడుకుంది.